టెక్సాస్ రాజ్యాంగంలో వద్దని ఉందట, మా అబ్బాయి పెళ్లి చెల్లుతుందా?

ప్రశ్న: మా అబ్బాయి డల్లాస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. నాలుగేళ్లుగా తనతో ఉంటున్న రూమ్మేట్ అబ్బాయినే పెళ్లి చేసుకుంటానని సంక్రాంతికి ఫోన్లో చెప్పాడు. ఆ రోజు నుంచి మావారు వాడితో మాట్లాడటం లేదు. టెక్సాస్ రాజ్యాంగంలోనే ఇలాంటి పెళ్లిళ్లు కూడదని ఉందట. చెల్లని పెళ్లి ఎందుకురా అంటే, చెల్లుతుందమ్మా అంటాడు. ఆ అబ్బాయి మంచివాడే. పోయిన వేసవిలో కారం తినలేడని అతనికి ఒక డబ్బా ఆవకాయ విడిగా కలిపి పంపాను కూడా. ఇప్పుడు ఆగమని చెప్పనా?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, మీరు విన్నది నిజమే. పెళ్లంటే ఒక పురుషుడికీ ఒక స్త్రీకీ మధ్య జరిగేదేనని 2005 నవంబరులో ఓటింగ్ పెట్టి మరీ టెక్సాస్ రాజ్యాంగంలో రాసుకున్నారు. ఆ వాక్యం ఇంకా అక్కడే ఉంది. కానీ 2015 జూన్ 26న ఇద్దరు మగవాళ్లయినా, ఇద్దరు ఆడవాళ్లయినా ఏ రాష్ట్రంలోనైనా పెళ్లి చేసుకోవచ్చని అమెరికా సుప్రీంకోర్టు ఒబెర్జ్‌ఫెల్ కేసులో ఇచ్చిన తీర్పుతో అది పనిచేయకుండా పోయింది. తీసేయాలంటే మళ్లీ జనం ఓటెయ్యాలి. కాలిఫోర్నియా, కొలరాడో, హవాయి 2024లో అలాగే తీసేశాయి. మీవాడు చెప్పింది సరైన మాట.

రేపు తీర్పు తిరగబడితే? 2022లో అబార్షన్ హక్కునిచ్చిన పాత తీర్పును అదే కోర్టు కొట్టేశాక ఈ టెన్షన్ అక్కడ చాలామందికి ఉంది. అందుకే ఆ డిసెంబరులోనే ఒక చట్టం చేశారు. చట్టప్రకారం జరిగిన పెళ్లిని కేంద్ర ప్రభుత్వమూ మిగతా రాష్ట్రాలూ గుర్తించి తీరాలి. తీర్పు మారితే చిక్కు ఆ తర్వాత చేసుకోవాలనుకునేవాళ్లకే. కాబట్టి ఆగితే వాళ్లకు మేలేమీ లేదు.

మన దగ్గర సంగతి వేరు. 2023 అక్టోబరు 17న మన సుప్రీంకోర్టు ఇలాంటి పెళ్లికి చట్టబద్ధత ఇవ్వలేమంది. ఆ కేసు వేసినవాళ్లలో మన హైదరాబాద్ జంట కూడా ఉంది. అందుకని ఇక్కడి ఆస్తుల విషయంలో వీలునామా రాసుకోమనండి. అక్కడ ఒకరు ఆసుపత్రిలో పడితే రెండోవాళ్లు నిర్ణయం తీసుకునేలా కాగితాలు కూడా ముందే రాయించుకోమనండి.

ఇక అసలు సంగతి. మీ ఉత్తరంలో ఆ ఆవకాయ డబ్బా దగ్గరే నేను ఆగిపోయాను. ముఖం కూడా చూడని పిల్లాడి నాలుక మండకూడదని మీకు తోచింది. ఆ పిల్లాడు మారలేదమ్మా, అతన్ని పిలిచే వరస ఒక్కటే మారింది. నలుగురూ ఏమంటారోనన్న భయం మీది, దాన్ని చట్టం పేరుతో అడుగుతున్నారేమో ఒకసారి చూసుకోండి. భయపడటం తప్పు కాదు. బంధువులందరికీ ఈ నెలలోనే చెప్పేయాలని ఎవరూ అనలేదు.

మీవారికి టైమ్ పడుతుంది, పట్టనివ్వండి. ఆయన కోపాన్ని మీరు మోసుకెళ్లి అబ్బాయికి అందించకండి. 'నీవల్లే నాన్నకి బీపీ పెరిగింది' అన్న మాట మాత్రం వద్దే వద్దు. ఏడు సముద్రాల అవతల ఉన్నవాడు ఆ మాటతో రాత్రంతా నిద్రపోడు.

ఈ ఆదివారం మీరే ఫోన్ చేసి ముహూర్తం ఎప్పుడురా అని అడగండి. పక్కనున్న అబ్బాయికి కూడా ఫోన్ ఇమ్మనండి. ఏం మాట్లాడాలో తోచకపోతే, పోయినేటి పచ్చడి కారంగా ఉందా అని అడగండి.