జబ్బు లేని గొర్రెల రక్తం ఎందుకు తీస్తారు?

మా మందలన్నీ బాగానే ఉన్నాయి, అయినా పరీక్షకు గొర్రెల రక్తం ఇమ్మంటున్నారు, ఎందుకని వరంగల్ దగ్గరి గొర్రెల కాపరులు అడిగారు. బాగున్నా ఇవ్వాల్సిందే. క్రిమియన్ కాంగో జ్వరం తెచ్చే వైరస్‌ను ముఖ్యంగా హైలోమా రకం పిడుదులు మోస్తాయి. గొర్రె, మేక, పశువుల రక్తంలో అది దాదాపు వారం తిరుగుతుంది, పైకి మాత్రం ఏమీ కనిపించదు. అదే మనిషికి సోకితే జ్వరం, ఒళ్లునొప్పులు, ముదిరితే రక్తస్రావం; 10 నుంచి 40 శాతం మంది చనిపోవచ్చు. మన దేశంలో దీన్ని మొదట 2011లో గుజరాత్‌లో నిర్ధారించారు. అక్కడ రోగికి వైద్యం చేసిన డాక్టరు, నర్సు కూడా ప్రాణాలు పోగొట్టుకున్నారు.

అందుకే మనుషులు పడిపోయేదాకా ఆగకూడదు. వైరస్ పోయినా, దాన్ని ఎదుర్కోవడానికి ఒంట్లో తయారైన యాంటీబాడీలు పశువు రక్తంలో చాలాకాలం ఉంటాయి. వాటిని బట్టి ఆ చుట్టుపక్కల వైరస్ తిరిగిందో లేదో తెలుస్తుంది. పాజిటివ్ వస్తే టెన్షన్ వద్దు, అది పాత సోకుడుకు గుర్తు. మందను అమ్ముకోనక్కర్లేదు.

మనుషుల వైపే నిఘా ఇంకా గట్టిగా ఉండాలని నా అభిప్రాయం. ఈ జ్వరంలోనూ ప్లేట్‌లెట్లు తగ్గుతాయి, కానీ అవి తగ్గితే అందరం డెంగీ అనుకుంటాం. గొర్రెలు కాసేవాళ్లు, మాంసం కొట్టేవాళ్లు జ్వరమొచ్చి వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి వెళ్లినా, ఊరి డాక్టరు దగ్గరికెళ్లినా తమ పనేంటో, పిడుదు కరిచిందో లేదో తప్పకుండా చెప్పాలి. పిడుదుల్ని వట్టి చేత్తో నలపకండి.