థెరపీ గదిలోనూ నటించాల్సి వస్తోందా?

ప్రశ్న: నా వయసు 31. రెండేళ్ల కిందట ఆటిజం, ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురు లేకపోవడం) రెండూ ఉన్నాయని తేలింది. చిన్నప్పుడు వేళ్లు తిప్పుతున్నానని, పిలిస్తే పలకలేదని నాన్న కొట్టేవారు. ఇప్పటికీ ఎవరైనా గొంతు పెంచితే నోరు పెగలదు. ఆరు నెలలుగా థెరపీకి వెళ్తున్నాను. అక్కడ కళ్లలోకి చూసి మాట్లాడమంటారు, వేళ్లు తిప్పడం ఆపమంటారు. 'ఇప్పుడు ఏమనిపిస్తోంది' అని అడిగితే నాకు ఏమీ తోచదు. రోజూ రాయమన్న డైరీ రాయలేకపోయాను. 'మీకు మారాలన్న పట్టుదల లేదు' అన్నారు. సెషన్ అయ్యాక మిగతా రోజంతా మంచం మీదే ఉంటాను. 'ఈమాత్రం దానికి వెళ్లడం ఎందుకు' అంటున్నారు మావారు. లోపం నాలోనే ఉందా?

జవాబు: చిన్నప్పుడు వేళ్లు తిప్పితే దెబ్బ పడేది. ఇప్పుడు ఫీజు పుచ్చుకుని మరీ ఆపమంటున్నారు. మీ ఒంటికి ఈ రెంటికీ పెద్ద తేడా తెలియదు. కటువుగా అంటున్నానేమో. మీ థెరపిస్టు చెడ్డవారని నా ఉద్దేశం కాదు, వారు నేర్చుకున్న పద్ధతి అది.

రోజంతా మంచం మీదే అన్నారు చూడండి, నాకు అసలు సంగతి అక్కడే కనిపించింది. పాత గాయాల గురించి మాట్లాడాక అలసట మామూలే. కానీ మీరు రాసినదాన్ని బట్టి ఆ గదిలో నాన్నగారి ప్రస్తావన వచ్చినట్టే లేదు. మరి ఒళ్లు హూనమైంది దేనికి? గంటసేపు చూపు నిలపడానికి, చేతులు అదిమిపెట్టుకోవడానికి. అందరిలా కనిపించడానికి పడే ఈ పాట్లనే మాస్కింగ్ అంటారు. బయట ఎలాగూ తప్పడం లేదు. ఆ గదిలోనూ తప్పకపోతే దాన్ని థెరపీ అనడానికి నాకు నోరు రావడం లేదు.

నేనూ ఈ తప్పు చేసినదాన్నే. ప్రాక్టీసు పెట్టిన కొత్తల్లో ఒక కుర్రాణ్ని నావైపు చూసి మాట్లాడమని పదేపదే అడిగేదాన్ని. చూస్తే వినలేను, వింటే చూడలేను, మీకు ఏది కావాలో తేల్చుకోండి అన్నాడు. అప్పటినుంచి కుర్చీలు ఎదురెదురుగా వేయడం మానేశాను.

ఆటిజం, ఏడీహెచ్‌డీ రెండూ ఒకే మనిషికి ఉండొచ్చని అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ వారి రోగనిర్ధారణ మాన్యువల్ ఒప్పుకున్నదే 2013లో. అంతకుముందు చదువుకున్నవాళ్లకు మీలాంటివారు పాఠాల్లో ఎదురుపడలేదు. తానూ ఆటిస్టిక్ అయిన బ్రిటిష్ పరిశోధకుడు డేమియన్ మిల్టన్ 2012లో ఒక మాట చెప్పారు. ఆటిజం ఉన్నవాళ్లకు మిగతావాళ్లు ఎంత అర్థం కారో, మిగతావాళ్లకు వీళ్లూ అంతే అర్థం కారట. 'పట్టుదల లేదు' అన్న తీర్పు అలాంటి అపార్థమే. రాయాలని ఉండీ మొదలుపెట్టలేకపోవడం ఏడీహెచ్‌డీలో తరచుగా కనిపించేదే. డైరీ బదులు రెండు ముక్కలు ఫోన్‌లో రికార్డు చేసి పంపినా సరిపోతుంది, సెషన్ చివరి పది నిమిషాల్లో ఇద్దరూ కలిసి రాసుకున్నా సరిపోతుంది.

ఏమనిపిస్తోందో చెప్పలేకపోవడానికీ పేరుంది, అలెక్సిథీమియా. ఆటిజం ఉన్నవాళ్లలో తరచుగా చూస్తాం, ట్రామా, అంటే మనసుకు తగిలిన పాత గాయం ఉన్నవాళ్లలోనూ చూస్తాం. భావం ఉంటుంది, పేరు అందదు. అలాంటప్పుడు ప్రశ్నే మార్చాలి. దవడ బిగిసిందా, చేతులు చల్లబడ్డాయా, గదిలోంచి లేచి వెళ్లిపోవాలని ఉందా అని అడిగితే మీరు చెప్పగలరు. జవాబు రెండు రోజులాగి వచ్చినా అదీ జవాబే.

ఇక మిమ్మల్ని ఉన్నట్టుగా ఒప్పుకునే థెరపీ అంటే ప్రతిదానికీ తలూపడం అనుకోకండి. మీ తీరు ఏది, గాయం ఏది అన్నది విడదీసి చూడడం అందులో పెద్ద పని. వేళ్లు తిప్పడం మీ తీరు, దానికి వైద్యం అక్కర్లేదు. గొంతు పెంచితే నోరు పెగలకపోవడం చాలావరకు గాయం, దానికి ఉపశమనం ఉంది. అయితే రెండూ పెనవేసుకునే చోట్లు ఉంటాయి. పెద్ద గొంతు శబ్దంగానే మీ చెవికి నొప్పి కావచ్చు, నాన్నగారి గొంతులా వినిపించి కూడా నొప్పి కావచ్చు. మొదటిదైతే శబ్దాన్ని తగ్గించుకోవాలి, ఇయర్‌ప్లగ్స్ వాడుకోవాలి. దాన్ని భయం అనుకుని 'అలవాటు చేసుకో' అంటూ మళ్లీమళ్లీ వినిపిస్తే చెవి అలవాటు పడకపోవచ్చు, మనిషి మాత్రం నలిగిపోతుంది. రెండోదైతే ఇయర్‌ప్లగ్స్‌తో తీరదు, ఆ జ్ఞాపకంతో పని ఉంటుంది.

ఆ పనికి కూడా వరస ఉంది. ముందు భద్రత, తర్వాతే జ్ఞాపకాలు. ఎప్పుడైనా చెయ్యెత్తి ఆపే హక్కు మీకుండాలి. ట్రామాకు ఈఎండీఆర్ (కళ్లను అటూఇటూ కదిలిస్తూ జ్ఞాపకాన్ని తలచుకునే పద్ధతి), ట్రామా మీద దృష్టిపెట్టే సీబీటీ (ఆలోచనల తీరును మార్చే మాటల చికిత్స) రెంటికీ మంచి ఆధారాలున్నాయి. మీకు తగ్గట్టు నెమ్మదిగా, విరామాలతో, రాతలో అయినా చేయవచ్చు. ఏళ్ల తరబడి సాగిన దెబ్బలు మిగిల్చేదానికి 2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11లో 'కాంప్లెక్స్ పీటీఎస్‌డీ' అని విడిగా పేరు పెట్టారు. మీకు అదే ఉందని ఉత్తరం చూసి అనలేను, పరీక్షించమని అడగండి.

మీవారికి కనిపిస్తున్నది మీరు మంచం మీద పడి ఉండడమే, కాబట్టి ఆయన అన్నదాంట్లో కొంత న్యాయం ఉంది. థెరపీ మానడం కాదు, తీరు మార్చుకోవడం గురించి ఆలోచిస్తున్నానని చెప్పండి. సెషన్ రోజు సాయంత్రం ఎవరినీ ఇంటికి పిలవొద్దనీ చెప్పండి.

ఆరు నెలల పరిచయాన్ని వెంటనే తెంచుకోకండి. మీకు కావాల్సిన మార్పులు అడిగి మీ థెరపిస్టుకు ఒక అవకాశం ఇవ్వండి. 'అయ్యో, నాకు తట్టలేదు, అలాగే చేద్దాం' అంటే ఉండండి. 'మీరు తప్పించుకోవడానికి చూస్తున్నారు' అంటే వేరొకరిని వెతుక్కోండి. కొత్తవారిని ఒక్కటే అడగండి, ఆటిజం ఉన్న పెద్దవాళ్లతో మీ పద్ధతిలో ఏం మారుస్తారని. 'నాకు అందరూ ఒకటే' అన్నారంటే ఏమీ మార్చరన్నమాట. ఈ మధ్యలో మందులేవైనా వాడుతుంటే సొంతంగా ఆపకండి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే సెషన్ దాకా ఆగకుండా అప్పుడే డాక్టరు దగ్గరకు వెళ్లండి.

ఎదురుగా చెప్పడం కష్టం కనుక వచ్చే సెషన్‌కు ముందురోజు ఈ మెసేజ్ పంపండి: 'రేపు నేను కిందకు చూస్తూ మాట్లాడతాను. చేతిలో ఏదో ఒకటి ఉంటుంది. ఏమనిపిస్తోంది అని కాకుండా ఒంట్లో ఎలా ఉంది అని అడగండి. డైరీ బదులు వాయిస్ మెసేజ్ పంపుతాను. ఇది మీకు కుదురుతుందా?'

క్షమాపణలు, సంజాయిషీలు ఏవీ దీనికి జోడించకండి.