రాజధాని మీద బాబాయితో ఎలా వాదించాలి

చిరంజీవి మేనల్లుడికి, అత్త ఆశీస్సులు.

నువ్వు ఫోన్లో అడిగినదానికి అప్పుడే జవాబు చెప్పలేకపోయాను. రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు కదా, అందుకే ఉత్తరం రాస్తున్నాను. "మాట్లాడితే గొడవ, మాట్లాడకపోతే వాళ్ళు చెప్పిందే నిజమైపోతుంది, ఏం చెయ్యమంటావత్తా" అన్నావు. మాట్లాడమనే అంటాను. వాట్సాప్‌లో ఫ్యామిలీ గ్రూపులో రాజకీయాలు వద్దనేవాళ్ళు మనింట్లోనే చాలామంది ఉన్నారు, మీ మామయ్యతో సహా. నాకది ఎప్పుడూ నచ్చలేదు. పిల్లల ఫీజు, చేనుకు నీళ్ళు, ఊరికి బస్సు, ముసలివాళ్ళ పింఛను, ఇవన్నీ రాజకీయంతోనే ముడిపడి ఉన్నాయి. వీటి గురించి సొంతవాళ్ళతో మాట్లాడకపోతే ఇంకెవరితో మాట్లాడతాం? గుడ్ మార్నింగ్ పువ్వులు పంపుకోవడానికి అంత పెద్ద గ్రూపు అక్కర్లేదు.

రాష్ట్ర రాజధాని మీద నువ్వూ మీ బాబాయీ గ్రూపులో రాత్రి పొద్దుపోయేదాకా రాసుకున్నవన్నీ నేను మొదటినుంచి చివరిదాకా చదివాను. ఇద్దరూ చదువుకున్నవాళ్ళు, ఇద్దరికీ విషయం తెలుసు. అయినా ఒకరి మాట ఒకరికి చేరలేదు. ఎందుకని ఆలోచిస్తే నాకు తట్టింది ఒకటే. మీరిద్దరూ వేరువేరు ప్రశ్నలకు జవాబు చెబుతున్నారు. ఆ సంగతి ఇద్దరిలో ఎవరూ గమనించలేదు.

నీ వైపు నుంచి చూద్దాం. మీ అమ్మమ్మవాళ్ళది రాయపూడి. కృష్ణ ఒడ్డున జరీబు భూమి, అంటే ఏడాదంతా నీళ్ళుండే మంచి పంట భూమి. ఎకరాకు వెయ్యి గజాల ఇంటి స్థలం, 450 గజాల వాణిజ్య స్థలం తిరిగి ఇస్తామని, పదేళ్ళపాటు ఏటా కౌలు కింద 50,000తో మొదలుపెట్టి పెంచుకుంటూ పోతామని ప్రభుత్వం కాగితం మీద రాసిస్తే నమ్మి అమరావతి రాజధాని కోసం భూసమీకరణకు, అదే పూలింగుకు, ఇచ్చారు. 2019 డిసెంబరులో శాసనసభలో అమరావతి, విశాఖ, కర్నూలు అని మూడు రాజధానుల మాట వచ్చిన రోజు మీ అమ్మమ్మ అన్నం ముట్టలేదని నువ్వే చెప్పావు. అమరావతినే రాజధానిగా కట్టాలని 2022 మార్చి 3న హైకోర్టు తీర్పు వచ్చినప్పుడు మీ ఇంట్లో పండగ. నీ ప్రశ్న ఇది: ఒక ప్రభుత్వం రైతుతో రాసుకున్న ఒప్పందాన్ని తర్వాత వచ్చిన ప్రభుత్వం పక్కన పెట్టేయవచ్చా?

మీ బాబాయి ప్రశ్న అది కాదు. ఉద్యోగం వచ్చి కర్నూలు వెళ్ళినవాడు, అక్కడే పెళ్ళి చేసుకున్నాడు, అక్కడే ఇల్లు కట్టుకున్నాడు, ఇప్పుడు ఆ ఊరి మనిషే. 1937 నవంబరు 16న మద్రాసులో, కాశీనాథుని నాగేశ్వరరావు గారి శ్రీబాగ్ భవనంలో, కోస్తా నాయకులూ సీమ నాయకులూ కూర్చుని ఒక ఒడంబడిక రాసుకున్నారు. రాజధాని, హైకోర్టు రెండింటిలో ఒకటి కోస్తాలో, ఒకటి సీమలో ఉండాలని, ఏది కావాలో కోరుకునే హక్కు సీమదని. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు రాజధాని కర్నూలుకు వచ్చింది, హైకోర్టు మరుసటి ఏడు గుంటూరుకు వెళ్ళింది. మూడేళ్ళు తిరిగేసరికి, 1956 నవంబరు 1న, అంతా హైదరాబాదుకు తరలిపోయింది. 2014లో రాష్ట్రం విడిపోయాక కొత్త రాజధాని ఎక్కడుండాలో చూడమని కేంద్రం వేసిన శివరామకృష్ణన్ కమిటీ అంతా ఒక్కచోటే పెట్టవద్దని, విజయవాడ గుంటూరు మధ్య మంచి పంట భూముల్లో పెద్ద రాజధాని తగదని చెప్పింది. ఆ మాటా ఎవరూ వినలేదు. మీ బాబాయి అడిగేది: ఇచ్చిన మాట సీమ విషయంలో ఎప్పుడు నిలబడింది?

చూశావా, రెండూ ఇచ్చిన మాట గురించే. నీ ప్రశ్నకు "తప్పకూడదు" అని జవాబు చెప్పినవాడు బాబాయి ప్రశ్నకు కూడా "నిలబెట్టుకోవాల్సింది" అనే చెప్పాలి. అమరావతి రైతుకు న్యాయం జరగాలనే మనిషి కర్నూలుకు ఏం రావాలో కూడా ఆలోచించవచ్చు, అందులో వైరుధ్యమేమీ లేదు. కానీ నువ్వు బాబాయి మాట విన్న వెంటనే "అయితే మీరు మూడు రాజధానుల బ్యాచ్" అన్నావు. బాబాయి నీ మాట వినగానే "రియల్ ఎస్టేట్ కోసం" అన్నాడు. అక్కడినుంచి రాజధాని మాటే లేదు, ఎవరు ఎవరి మనిషి అన్నదే మిగిలింది.

అందుకని నా మొదటి సలహా, అన్నిటికంటే ముఖ్యమైనది కూడా: జవాబు రాసే ముందు ఎదుటివాడి వాదనను నీ మాటల్లో రాసి చూపించు. "బాబాయ్, మీరనేది శ్రీబాగ్‌లో సీమకిచ్చిన మాట ఇంతవరకూ తీరలేదని, అంతేనా?" అని అడుగు. ఆయన "అవును, అదే" అనేదాకా నీ వాదన మొదలుపెట్టకు. ఎగతాళిగా తిప్పి రాస్తే ఆయనకు వెంటనే తెలిసిపోతుంది. ఆయన చెప్పినదానికంటే బాగా చెప్పగలిగితే ఇంకా మంచిది. ఇది మర్యాద కోసమే చెప్పడం లేదు. ఎదుటివాడి వాదనలో గట్టి భాగం ఏదో తెలియకుండా నువ్వు కొట్టేదంతా మెత్తని చోటే పడుతుంది, దానివల్ల ఆయన అభిప్రాయం వెంట్రుకవాసి కూడా కదలదు.

రెండోది, అంకె దగ్గర ఒప్పుకున్నాకే అర్థం దగ్గర పోట్లాడాలి. సోషల్ టీచరుగా ఉన్నన్నాళ్ళూ ఎన్నికల డ్యూటీ తప్పలేదు కాబట్టి ప్రిసైడింగ్ ఆఫీసరు కుర్చీలోంచి చూసిందే చెబుతున్నాను. పోలింగ్ మొదలుకాక ముందే, తెల్లవారుజామున, పార్టీల ఏజెంట్ల ముందు మాక్ పోల్, అంటే యంత్రం సరిగా ఉందో లేదో చూసే ఉత్తుత్తి పోలింగ్, వేస్తాం. వేసినన్ని ఓట్లూ వేసినట్టే లెక్కకు వచ్చాయని వాళ్ళు చూసుకుని సంతకం పెడతారు. సాయంత్రం యంత్రంలో మొత్తం ఎన్ని ఓట్లు పడ్డాయో 17సీ ఫారంలో రాసి, తలా ఒక కాపీ ఇస్తాం. ఆ ఏజెంట్లు బద్ధవిరోధులు. రోజంతా ఒకే బెంచీ మీద పక్కపక్కన కూర్చుని "ఆవిడ మా వీధి కాదు, ఈయన రెండుసార్లు వచ్చాడు" అని ఒకరి మీద ఒకరు లేస్తూనే ఉంటారు. అయినా సాయంత్రం ఆ అంకె కింద అందరూ సంతకం చేస్తారు. ఎందుకంటే ఆ ఒక్క అంకె మీద ఒప్పుకోకపోతే రేపు లెక్కింపులో ఎవరికీ పట్టు ఉండదని వాళ్ళకు తెలుసు.

మీ వాదనలో అలాంటి ఉమ్మడి అంకె ఒక్కటీ లేదు. రాష్ట్రం అప్పు సంగతే తీసుకో. నువ్వొక లెక్క పెట్టావు, బాబాయి దాంట్లో సగం పెట్టాడు, ఇద్దరూ "అబద్ధం" అనుకున్నారు. ఇద్దరివీ నిజమే కావచ్చు. ఒకరు బడ్జెట్‌లో చూపించిన అప్పు మాత్రమే లెక్కపెడతారు. ఇంకొకరు కార్పొరేషన్ల పేరుమీద ప్రభుత్వం హామీ ఉండి తెచ్చిన అప్పులు, డిస్కంల (కరెంటు పంపిణీ కంపెనీల) బాకీలు, కాంట్రాక్టర్లకు చెల్లించని బిల్లులు కూడా కలుపుతారు. కాబట్టి "ఎంత" అని అడిగే ముందు "ఇందులో ఏమేం కలిపారు, ఏ తేదీ నాటికి" అని అడుగు. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదిక, రిజర్వు బ్యాంకు ఏటా వేసే రాష్ట్రాల ఆర్థిక పరిస్థితి పుస్తకం, రెండూ ఆన్‌లైన్లోనే ఉచితంగా దొరుకుతాయి. ఇద్దరూ ఒకే పుస్తకం, ఒకే పేజీ తెరవండి. పార్టీవాళ్ళు తయారుచేసిన పోస్టర్ బొమ్మల మీద వాదించడం వృథా.

ఇంకో అంకె చెబుతాను, ఇది నువ్వు గుర్తు పెట్టుకోవాలి. 2024 ఫలితాలు వచ్చిన రోజు నువ్వు గ్రూపులో "జనం వాళ్ళని తుడిచిపెట్టేశారు" అని పెట్టావు. సీట్లు చూస్తే అంతే, 175లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు 11 వచ్చాయి. ఓట్లు చూడు, దాదాపు 39 శాతం. 2019లో తెలుగుదేశానికి 23 సీట్లే వచ్చాయి, అప్పుడు బాబాయి కూడా ఇలాంటి మాటే అన్నాడు. అప్పుడు వాళ్ళకొచ్చిన ఓట్లూ దాదాపు 39 శాతమే. అంటే ఓడినప్పుడు కూడా పదిమందిలో దగ్గర దగ్గర నలుగురు ఆ వైపే ఉన్నారు. వాళ్ళు ఎక్కడో లేరు. మనింటి పెళ్ళిలో నీ పక్క విస్తరి ముందు కూర్చునేవాళ్ళే. నలుగురూ అమ్ముడుపోయారనో, తెలివి లేదనో అనుకుంటే ఆ లెక్క కుదరదు నాన్నా. వాళ్ళకు ఏదో ఒక కారణం ఉంటుంది. అది అమ్మ ఒడి డబ్బు కావచ్చు, తాగునీళ్ళు కావచ్చు, మీ అమ్మమ్మ పొలంలాంటి దెబ్బ కావచ్చు. ఆ కారణం ఏమిటో తెలుసుకోవడమే నీ పని.

బిరుదుల సంగతి. పేటీఎం బ్యాచ్, పచ్చ మీడియా, బులుగు బ్యాచ్, ఈ మాటలన్నీ నీ ఫోన్లోంచి తీసెయ్. ఎవరో పార్టీ ఆఫీసులో కూర్చుని తయారుచేసిన మాటలు మన పిల్లల నోట్లో నానుతున్నాయంటే నాకు బాధేస్తుంది. అంతకంటే పెద్ద ప్రమాదం కులం. "మీవాళ్ళంతా అంతేలే" అన్న ఒక్క మాటతో పాతికేళ్ళ స్నేహాలు పోవడం చూశాను. మీ పదో తరగతి గ్రూపు ఎలా రెండుగా చీలిందో నీకే తెలుసు. మనింటికి కోడళ్ళుగా, అల్లుళ్ళుగా వచ్చినవాళ్ళందరూ ఒకే కులం వాళ్ళు కారు. వాళ్ళు గ్రూపులో ఒక్క ముక్క రాయకపోయినా ప్రతి అక్షరం చదువుతారు. ఎవరైనా కులం మాట తెచ్చినా, ఏ నాయకుడి ఇంటి ఆడవాళ్ళ గురించైనా నీచంగా రాసినా, చనిపోయినవాళ్ళను ఎగతాళి చేసినా, నువ్వు ఏ పార్టీ వైపున్నా సరే, వెంటనే అందరి ముందూ "ఇది తప్పు, తీసెయ్యండి" అని రాయి. నీ పార్టీవాడు రాసినప్పుడు మరీ ముందు నువ్వే రాయాలి. నువ్వు అలా ఒక్కసారి చేస్తే చాలు, తర్వాత నీ మాటకు అవతలివాళ్ళ దగ్గర విలువ వస్తుంది.

ఫార్వర్డుల విషయంలో మాత్రం పద్ధతి వేరు. బాబాయి ఆ వరద వీడియో పంపినప్పుడు దాని పైన రెండు బాణాల గుర్తు ఉంది, అంటే చాలా చేతులు మారి వచ్చిందని. అది పాతదని నువ్వు పట్టుకున్నావు, మంచిదే. కానీ అందరి ముందూ నవ్వుతున్న బొమ్మలు పెట్టి చెప్పావు. ఆయన వయసేమిటి, నీ వయసేమిటి? విడిగా మెసేజ్ పెట్టి "బాబాయ్, ఇది వేరే రాష్ట్రంలో జరిగింది, లింకు చూడండి" అంటే ఆయనే తీసేసేవాడు. మా తమ్ముడి సంగతి నాకు తెలుసు. పెద్దవాళ్ళను పదిమందిలో తప్పుపడితే తప్పును వదలరు, ఇంకా గట్టిగా పట్టుకుంటారు. మతం పేరుతో రెచ్చగొట్టేదో, ఎవరిమీదికైనా జనాన్ని ఉసిగొల్పేదో అయితే మాత్రం ఆగకు, వెంటనే గ్రూపులోనే చెప్పు. అక్కడ ఆలస్యం పనికిరాదు.

రాత్రిపూట భోజనాలయ్యాక మొదలుపెట్టే వాదన ఏదీ మంచిగా ముగియదు. మాట వేడెక్కిందనిపిస్తే "బాబాయ్, రేపు ఫోన్ చేస్తాను" అని రాసి నిజంగానే ఫోన్ చెయ్యి. చెయ్యకపోతే పారిపోయినట్టే లెక్క. ఆయన చెప్పినదాంట్లో సరైనది ఉంటే "ఇది మీరు చెప్పింది సరే" అని అదే గ్రూపులో, అందరూ చదివేచోట రాయి. విడిగా ఒప్పుకుని గ్రూపులో బింకంగా ఉండటం మంచి పని కాదు.

ముక్కూ మొహం తెలియనివాళ్ళతో ఎక్స్‌లోనూ, యూట్యూబ్ వీడియోల కిందా ఇంత శ్రమ పడమని చెప్పను. వాళ్ళు ఎక్కడివాళ్ళో, వాళ్ళకు ఏం పోయిందో, ఏం వచ్చిందో నీకు తెలిసే దారి లేదు. అవతలిది మనిషో, జీతానికి రాసేవాడో కూడా తెలియదు. ఒక ప్రశ్న అడిగి చూడు. ప్రశ్నకు జవాబు ఇస్తే ఇంకో మాట మాట్లాడు, తిట్టు వస్తే బ్లాక్ చేసి నీ పని చూసుకో. నీ ఓపికంతా తెలిసినవాళ్ళ కోసం దాచుకో.

ఒక పని వెంటనే చెయ్యి. మీ అమ్మమ్మ దగ్గర రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ సీఆర్‌డీఏతో రాసుకున్న పూలింగు ఒప్పందం (9.14 ఫారం) కాపీ ఉంటుంది. ఫోటో తీసి బాబాయికి విడిగా పంపు. రైతులు ఏం రాసిచ్చారో, వాళ్ళకు ఏం రాసిచ్చారో ఆయన ఎప్పుడూ చూడలేదని నాతో అన్నాడు, చదవాలని ఉందన్నాడు. పంపేటప్పుడు కింద వాదన ఏదీ రాయకు, పేర్లూ సర్వే నంబర్లూ కనపడకుండా చేసి పంపు. శ్రీబాగ్ ఒడంబడిక పాఠం నీకు పంపమని ఆయనకు నేను చెప్పాను. రెండూ చిన్నవే, ఒక పూటలో చదవచ్చు. దసరాకు ఇద్దరూ వస్తారు కాబట్టి అప్పుడు నా ముందే వాదించుకుందురుగాని. నాకూ అడగాల్సినవి ఉన్నాయి.

మీ మేనత్త