క్యాంపులో రక్తం తీసుకుని రిపోర్ట్ ఇవ్వకపోతే అడగొచ్చా?

కవిటి మండలంలో మీ ఊరికి వైద్య బృందం వచ్చి అమ్మగారి రక్తం, మూత్రం తీసుకుందని, ఏదో కాగితం మీద వేలిముద్ర వేయించుకుందని, నెలలు గడిచినా రిపోర్ట్ రాలేదని రాశారు. అడిగే హక్కు మనకుందా అన్నది మీ ప్రశ్న.

ఉందండి. నిజానికి మీరు అడిగే దాకా వాళ్లు ఆగకూడదు. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో చాలాకాలం స్టాఫ్ నర్సుగా చేశాను, ఇలాంటి క్యాంపుల్లో కూర్చున్నదాన్ని కాబట్టి చెబుతున్నాను.

ముందు అమ్మగారి సంగతి చూడండి. ఆ రిపోర్ట్ వచ్చేదాకా ఆగకుండా సోంపేటలోనో పలాసలోనో ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లి కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష, సీరమ్ క్రియాటినిన్ చేయించండి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి కూడా మొదలైంది. కిడ్నీ జబ్బు మొదట్లో ఏ లక్షణమూ చూపించదు. కాళ్లు వాచి, ఆకలి చచ్చిపోయి, ఆయాసం మొదలయ్యేసరికి కిడ్నీలు చాలావరకు పాడైపోయి ఉంటాయి. ముందే తెలిస్తే కనీసం ఒళ్లు నొప్పులకని షాపులో కొని మింగే మాత్రలు మానేస్తారు, బీపీ అదుపులో పెట్టుకుంటారు. అందుకే రిపోర్ట్ చెప్పకపోవడాన్ని నేను చిన్న అశ్రద్ధగా తీసుకోలేను.

ఇక ఆ బృందం వచ్చింది వైద్యం కోసమా, పరిశోధన కోసమా అన్నది కనుక్కోండి. ఉద్దానంలోని ఈ కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు కాబట్టి పరిశోధన కోసం వచ్చేవాళ్లు ఎక్కువే, రావాలి కూడా. అయితే పరిశోధనకు భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017లో ఇచ్చిన నైతిక మార్గదర్శకాలు ఉన్నాయి. పరిశోధన న్యాయంగా ఉందో లేదో చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా ఒక్క సూది కూడా గుచ్చకూడదు. ఎందుకు తీస్తున్నారో, నమూనాను ఏం చేస్తారో, ఎవరికి ఫోన్ చేయాలో మనకు అర్థమయ్యే భాషలో రాసిన కాగితం ఇవ్వాలి. సంతకం చేసిన అంగీకార పత్రం కాపీ మన చేతికి రావాలి. చదువు రానివాళ్లతో వేలిముద్ర వేయించేటప్పుడు ఆ బృందానికి సంబంధం లేని, చదువొచ్చిన సాక్షి ఒకరు పక్కనుండి మొత్తం విని సంతకం పెట్టాలి. మధ్యలో వద్దనుకుంటే ఎప్పుడైనా తప్పుకోవచ్చు. దానివల్ల వైద్యానికి లోటు రాకూడదు.

ఇవన్నీ కాగితాల్లోనే ఉంటాయి, జరిగేవి కావు అనుకోకండి. ఒక క్యాంపులో ఇంకుప్యాడ్ ముందుకు తోస్తే ఒక ముసలావిడ చెయ్యి వెనక్కి తీసుకుని, "ఏటి రాసుందో సదివి సెప్పు బాబూ" అంది. వెనక పెద్ద క్యూ ఉంది. ఆ కుర్ర డాక్టరు బెంచీ దిగి ఆవిడ పక్కనే కింద కూర్చుని మొదటి నుంచి చదివాడు. మిగిలిన రక్తాన్ని దాచి తర్వాతి పరిశోధనలకు వాడతామన్న వాక్యం దగ్గర ఆవిడ ఆపింది. "దాసడం ఎందుకు? ఎన్నాళ్లు దాస్తారు?" అని అడిగింది. అతను చెప్పాడు. పరీక్షకు సరే, దాచడానికి వద్దు అంది. ఆ గడిలో "కాదు" అని టిక్ పెట్టి, ఆవిడకు చూపించి, అప్పుడు వేలిముద్ర వేయించాడు. అంగీకారం తీసుకోవడమంటే అదీ.

మరో ఊళ్లో దీనికి పూర్తి విరుద్ధంగా జరిగింది. బడి వరండాలో మైకులో పిలిచినట్టు ఒక్కొక్కరి పేరూ పిలిచి, "మీది నాలుగు పాయింట్ రెండు" అని క్రియాటినిన్ అంకెలు అందరి ముందూ చదివేశారు. కూతురికి సంబంధం ఖాయం చేసుకుంటున్న ఒకాయన తన వంతు రాకముందే లేచి వెళ్లిపోయాడు. కిడ్నీ ఇల్లు అంటే పిల్లనివ్వడానికి, తీసుకోవడానికి వెనకాడతారని మీకూ తెలుసు. రోగి రహస్యం బయటపెట్టకూడదని డాక్టర్లకు 2002 నాటి వృత్తి నియమావళి స్పష్టంగా చెబుతుంది. కోర్టు ఆదేశమో, ఇతరులకు తీవ్రమైన ప్రమాదమో, ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బో అయితేనే మినహాయింపు. హెచ్‌ఐవీ ఉన్న వ్యక్తి విషయం బయటపడి పెళ్లి ఆగిపోయిన కేసులో 1998లో సుప్రీంకోర్టు ఆసుపత్రిని తప్పుపట్టలేదు, నిజమే. కానీ అక్కడ అవతలి మనిషికి జబ్బు సోకే ప్రమాదం ఉంది. మన కిడ్నీ జబ్బు అంటుకునేది కాదు. పెళ్లివారు అడిగారనో, సర్పంచ్ అడిగాడనో చెప్పేయడానికి ఎవరికీ అధికారం లేదు. రోగికి తప్పకుండా చెప్పాలి, ఆ రోగికి మాత్రమే చెప్పాలి. ఈ రెండూ ఒకే బాధ్యత అని నా నమ్మకం.

ఇప్పుడు మీరు చేయాల్సింది. ఆ రోజు ఇచ్చిన చీటీ ఏదైనా ఇంట్లో ఉందేమో వెతకండి. దాని మీద సంస్థ పేరు, ఫోన్ నంబరు ఉండొచ్చు. లేకపోతే మీ ఆశా కార్యకర్తనో ఏఎన్‌ఎంనో అడగండి, క్యాంపు ఎవరిదో వాళ్లకు తెలిసే ఉంటుంది. తేదీ, ఊరు, అమ్మగారి పేరు రాసి, రిపోర్టూ అంగీకార పత్రం కాపీ ఇవ్వమని ఉత్తరం పెట్టండి. ప్రభుత్వ సంస్థ అయితే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. పరిశోధన అయితే వాళ్ల ఎథిక్స్ కమిటీకి, ఉలుకూ పలుకూ లేకపోతే శ్రీకాకుళంలో జిల్లా వైద్య ఆరోగ్య అధికారి (డీఎంహెచ్‌ఓ) ఆఫీసుకు రాయండి. ఒక కాపీ మీద అందినట్టు ఆఫీసు ముద్ర వేయించుకోవడం మరవద్దు. ఆసుపత్రిలో చేరి వైద్యం చేయించుకున్న కేసైతే ఇంకా సులువు, రికార్డులు అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని ఆ 2002 నియమావళిలోనే ఉంది.

దరఖాస్తు రాయడం కష్టంగా ఉంటే చెప్పండి, నేను రాసిస్తాను. అమ్మగారి పేరు, రిపోర్ట్ నంబర్లు మాత్రం అందరూ చదివే చోట పెట్టకండి.