బలపం, సుద్ద, సున్నం: మూడు ఒకటేనా?

సందేహం: మా పాప నాలుగో తరగతి నోట్స్‌ల "బలపం, సుద్ద, సున్నం అన్నీ సున్నపురాయికే పేర్లు" అని రాయించిన్రు. మా అమ్మేమో బలపం వేరే రాయి అంటది. ఏది కరెక్ట్? చాక్‌పీస్‌ని సుద్దముక్క అనొచ్చా? పెన్సిల్ లోపల ఉండేది సీసమేనా? (హన్మకొండ నుంచి ఒక చదువరి)

సమాధానం: మీ అమ్మగారు చెప్పిందే కరెక్టండి. పాప నోట్స్‌ల ఆ లైన్ కొట్టేయించుండ్రి, ఎందుకంటే మూడు పేర్లు పెట్టుకున్నోళ్లు మూడు వేర్వేరు వస్తువులను చేతితోని పట్టుకొని చూసి పెట్టుకున్నరు.

బలపం సున్నపురాయి జాతే కాదు. పట్టుకుంటే సబ్బు లెక్క జారే మెత్తటి రాయి అది, దాంట్ల ముఖ్యంగా ఉండేది టాల్క్ అనే ఖనిజం. ఖనిజాల గట్టిదనం చూసెతందుకు ఫ్రెడ్రిక్ మోస్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1812ల ఒక స్కేలు పెట్టిండు, దాంట్ల వజ్రానిది 10 అయితే టాల్క్‌ది 1, అంటే అన్నిట్ల మెత్తనిదన్నట్టు. మన గోరే రెండున్నర దాక ఉంటది గాబట్టి గోరుతోని గీకినా పొడి రాలుతది. పలక దానికన్న గట్టిది, అందుకనే పలక మీద రాస్తే బలపం అరిగి గీత పడుతది. కన్నడంల గూడ ఈ రాయిని బళప అనే అంటరు, బేలూరు హళేబీడు గుళ్లల నగల మీద నగిషీ దాక చెక్కగలిగిన్రంటే ఈ జాతి రాయి మెత్తదనం చానా సాయం చేసింది. మన రామప్ప గుడిల మదనికలు, అంటే ఆడోళ్ల శిల్పాలు చూసి అవి గూడ అదే రాయి అనుకుంటరు కొందరు, కాదు, అవి నల్లటి గట్టి డోలరైట్, అంత గట్టి రాయి మీద 1213 నాటికే ఆ నునుపు తెచ్చిన చేతులకు దండం పెట్టాలె. పులుసు కాచుకునే రాచిప్ప గూడ బలపపు రాయే, పొయ్యి మీదికెల్లి దించినంక గూడ చానా సేపు వేడి ఆగుతది. ఇప్పుడైతే ఈ టాల్క్ ముఖానికేసుకునే పౌడర్‌ల, కాగితంల, పెయింట్‌ల, ప్లాస్టిక్‌ల పోతది, కరెంటు ఇన్సులేటర్లకు గూడ వాడుతరు. షాపుల్ల అమ్మే బలపాలన్నీ ఇంకా ఆ రాయితోనే చేస్తున్నరని కాదు గానీ పేరు మాత్రం ఆ రాయిదే.

సున్నం సంగతి వేరే. అది తవ్వితే దొరికే రాయి పేరు కాదు, కాల్చితే వచ్చేదాని పేరు. సున్నపురాయిని బట్టీల 900 డిగ్రీల దాక కాలిస్తే బొగ్గుపులుసు వాయువు పోయి రాళ్లసున్నం మిగులుతది, దాని మీద నీళ్లు పోస్తే సలసల మసిలి విచ్చుకుంటది, గోడకేసినా తమలపాకుకు రాసినా అదే. గోడ మీద వేసినంక గాలిల ఉన్న అదే వాయువును మల్ల పీల్చుకొని గట్టిపడుతది, అంటే గోడెక్కి మల్ల సున్నపురాయి అయినట్టే. చూర్ణం అనే మాటనే ప్రాకృతంల చుణ్ణ అయ్యి మనకు సున్నం అయింది, లెక్కల్ల వచ్చే సున్న మాత్రం శూన్యం నుంచి వచ్చింది, రెంటికి చుట్టరికం లేదు. బసంతనగర్, దేవాపూర్ దిక్కు సిమెంట్ ఫ్యాక్టరీలు పెట్టింది సున్నపురాయి కోసమే, అక్కడ దాన్ని మట్టితోని కలిపి ఇంచుమించు 1450 డిగ్రీల దాక కాలుస్తరు. అందుకని "సున్నం తవ్వుతున్నరు" అని రాయకుండ్రి, తవ్వేది సున్నపురాయి.

ఇగ సుద్ద. ఇది కొంచెం వదులు మాట, తెల్లగా మెత్తగా ఉండి పూసుకునెతందుకు, రాసెతందుకు పనికొచ్చే మట్టినన్నా రాయినన్నా సుద్ద అంటం, చీనామట్టి అయినా సరే, సముద్రంల సన్నటి జీవుల గుల్లలు పేరుకొని అయిన మెత్తటి సున్నపురాయి అయినా సరే. బహుశా నోట్స్‌ల గలాటా ఇక్కడనే మొదలైంది. శుద్ధ మొద్దు అన్నప్పటి శుద్ధ దీనికేం సంబంధం లేనిది, అది ఉత్త, పూర్తి అనే అర్థంల వాడేది.

చాక్‌పీస్‌ని సుద్దముక్క అనొచ్చు, తప్పు లేదు, సుద్ద అన్న మాట రూపాన్ని, పనిని బట్టి పెట్టిందే గనుక. కానీ అది ఎక్కువ మటుకు జిప్సంతోని చేసింది. జిప్సంను 150 డిగ్రీల దగ్గర వేడి చేస్తే దాంట్ల నీళ్లు ముప్పాతిక పోయి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అవుతది, దాన్ని నీళ్లతోని కలిపి అచ్చుల పోస్తే నిమిషాలల్ల గట్టిపడుతది, విరిగిన చెయ్యికి కట్టే కట్టు గూడ అదే. సిమెంట్ తొందరగా బిగుసుకోకుండ గూడ కొంచెం జిప్సం కలుపుతరు. అనుమానముంటే పాపతోనే చూపియ్యుండ్రి: నిమ్మరసం చుక్క వేస్తే సున్నపురాయి పొడి బుస్సుమని పొంగుతది, జిప్సం, బలపపు రాయి పొంగవు. డస్ట్‌లెస్ అని అమ్మే చాక్‌పీస్ పొంగితే కంగారు పడకుండ్రి, వాటిల్ల కొన్నింటిని సున్నపురాయి పొడితోనే చేస్తరు.

పెన్సిల్ లోపలిది సీసం కాదండి, గ్రాఫైట్. వెనకట దాన్ని సీసం జాతే అనుకున్నరు గాబట్టి నల్లసీసం అన్న పేరు పడ్డది. గ్రాఫైట్ పొడిల బంకమట్టి కలిపి కాల్చే పద్ధతి 1795ల ఫ్రాన్స్‌ల కాంటే అనే ఆయన తెచ్చిండు, మట్టి ఎక్కువైతే ములుకు గట్టిగ, తక్కువైతే మెత్తగ నల్లగ వస్తది. పరీక్షల "గ్రాఫైట్" అని రాయించుండ్రి, ఇంట్ల మాత్రం ములుకు అనే అనుండ్రి, మంచి మాట.