రోజూ కట్టుకోవడానికి పాత కీ వాచీ: ఏది కొనాలి, ఎలా చూసుకోవాలి?

ఆఫీసుకి రోజూ కట్టుకెళ్ళేందుకు పాత కీ వాచీ కొనాలనుంది, స్విస్‌ది మేలా, హెచ్‌ఎంటీ మేలా, తర్వాత ఖర్చు భారమవుతుందా అని అడిగారు. నేనైతే హెచ్‌ఎంటీ జనతా కొనమంటాను. చాలా ఏళ్ళుగా నా చేతికి ఉన్నది అదే, అంతకుముందు మా నాన్నగారు కట్టుకునేవారు.

ఇది అభిమానంతో అంటున్న మాట మాత్రమే కాదు. రోజూ వాడే వాచీ ఎప్పుడో ఒకప్పుడు రిపేరుకి వస్తుంది. అప్పుడు పార్టు దొరకాలి, దాన్ని విప్పి బిగించడం తెలిసిన మనిషీ దొరకాలి. జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో 1961లో బెంగళూరులో హెచ్‌ఎంటీ వాచీల తయారీ మొదలైంది. జనతాలోనూ, హెచ్‌ఎంటీదే ఇంకో మోడల్ అయిన పైలట్‌లోనూ సాధారణంగా ఉండేది 0231 అనే 17 జ్యువెల్స్ (చక్రాల ఇరుసులు అరగకుండా పెట్టే చిన్న రాళ్ళు) మిషనే. అందుకే ఆగిపోయిన ఒక పైలట్ నుంచి పార్టు తీసి జనతాకి వేసుకోవచ్చు. ఈ వాచీల కంపెనీని మూసేయాలని 2016లో కేంద్రం నిర్ణయించినా, పాత మెకానిక్‌లకి ఈ మిషను కొట్టిన పిండి. ఫావర్ లూబా లాంటి పాత స్విస్ వాచీలు చాలా అందంగా ఉంటాయి, కాదనను. కానీ వాటిలో చిన్న పార్టు పోయినా వెతుక్కోవాల్సి వస్తుంది. ముందు మీ ఊళ్ళో నమ్మకమైన మెకానిక్‌ని చూసుకోండి, ఆ తర్వాతే వాచీ.

ఆన్‌లైన్‌లో ఎరుపు, ఆకుపచ్చ డయళ్ళతో కొత్తగా మెరిసిపోతూ చవగ్గా కనిపించే వాటితో జాగ్రత్త. చాలావరకు పాత డయల్‌కి మళ్ళీ రంగేసి, ఒక వాచీ ముళ్ళు ఇంకో వాచీకి పెట్టి అమ్మేవే. డయల్ మీద అక్షరాల అంచులు అలుక్కుపోయినట్టుంటే అనుమానించండి. వెనక మూత తీసి మిషను ఫొటో పంపమనండి, కుదరదంటే వదిలేయండి. ఫొటోలో తుప్పు మరకలు, అరిగిపోయిన స్క్రూ తలలు కనిపిస్తున్నాయేమో చూడండి. జనతా కేసు చాలావాటిలో క్రోమ్ పూత వేసిన ఇత్తడి, వెనక మూత మాత్రమే స్టీలు. స్ట్రాప్ తగిలించే కొమ్ముల లోపలివైపు చెమటకి పూత లేచి గుంటలు పడి ఉంటే ధర తగ్గించమనండి. డయల్ కాస్త పసుపెక్కినా అసలుదైతే నేను సంతోషంగా తీసుకుంటాను.

కీ రోజూ ఒకే వేళకి, వాచీ చేతి నుంచి తీసి ఇవ్వండి. చేతికి ఉండగానే తిప్పితే కీ కడ్డీ మీద పక్కనుంచి ఒత్తిడి పడుతుంది. గట్టిగా తగిలినచోట ఆపేయండి. "కీ ఎక్కువైపోయి ఆగిపోయింది" అని చాలామంది అంటారు గానీ, పూర్తిగా కీ ఇచ్చినా నడవట్లేదంటే సాధారణంగా లోపల నూనె ఎండి జిగురైపోయిందనే అర్థం. రోజుకి అర నిమిషం అటూ ఇటూ అయితే దిగులు పడకండి. ఉన్నట్టుండి నిమిషాలకి నిమిషాలు ముందుకి పోతుంటే మాత్రం అయస్కాంతం పట్టిందేమో చూపించండి. స్పీకర్ పక్కన, అయస్కాంతమున్న ఫోన్ కవర్ మీద పెడితే అలా జరుగుతుంది. మెకానిక్ దగ్గర డీమాగ్నెటైజర్ ఉంటే క్షణాల్లో పోతుంది.

నాలుగైదేళ్ళకోసారి సర్వీసింగ్ తప్పదు. మిషను మొత్తం విప్పి, కడిగి, ఎక్కడ ఎంత కావాలో అంతే నూనె పెట్టాలి. విప్పకుండా పెట్రోల్‌లో ముంచి, పైన నాలుగు చుక్కలు వేసిచ్చే వాళ్ళకి మీ వాచీ ఇవ్వకండి.

ఎండాకాలం తోలు పట్టీ బదులు వెనక మూత కిందుగా పోయే గుడ్డ పట్టీ వేసుకోండి, చెమట నేరుగా మూతకి తగలదు. వానలో మాత్రం జేబులో పెట్టేసుకోవడమే. అద్దం లోపల ఆవిరి కనిపిస్తే ఆ రోజే మూత తీయించండి. ఆరిపోయిందిలే అని ఊరుకుంటే ముందు తుప్పు పట్టేది కీ కడ్డీకే.