పళ్ల బండెక్కి కలావ్రితకు

ప్రశ్న: మా అబ్బాయి ఏథెన్సులో చదువుతున్నాడు. డిసెంబరు రెండో వారంలో మేమిద్దరం వెళ్తున్నాం. కలావ్రిత అనే కొండ ఊరి దగ్గర పాతకాలపు ఆర్థడాక్స్ క్రైస్తవ మఠం ఉందట, పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేయొచ్చు అంటున్నాడు. మావారికి మోకాళ్ల నొప్పులు. నేను చీర తప్ప కట్టను. బొట్టూ చీరా చూసి మఠంలో ఏమైనా అంటారా? పైగా మేం శాకాహారులం. మీరేమంటారు?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, చీర సంగతి ముందు చెప్పేస్తాను. మా ఆవిడ వెంకటగిరి చీరలోనే వెళ్లింది. గుమ్మం దగ్గర కూర్చున్న పెద్దాయన బొట్టు వంక చూడనే లేదు, నడుము వంక చూశాడు. ప్యాంట్లతో వచ్చే ఆడవాళ్లు చుట్టుకోడానికి పక్కన గుడ్డల దొంతర ఒకటి ఉంది, అటు చెయ్యి చూపించాడు. ఈవిడ కొంగు భుజం మీదుగా తిప్పి నిండా కప్పుకునేసరికి తల ఊపాడు. అంతే. ఒక శాలువా పట్టుకెళ్లండి, చలికీ పనికొస్తుంది. లోపల సన్నటి మైనపు వత్తులుంటాయి. డబ్బాలో నాణెం వేసి, ఒకటి వెలిగించి, ఇసుక పళ్లెంలో గుచ్చుతారు. పటాన్ని వాళ్లు ముద్దు పెట్టుకుంటారు. మేం దణ్ణం పెట్టుకున్నాం, ఎవరూ ఏమీ అనలేదు.

మీవాడు మఠం అని ఒకటే చెప్పాడు గానీ అక్కడ రెండున్నాయి. అయా లావ్రా ఊరికి చాలా దగ్గర, 961లో పుట్టింది. 1821లో తురుష్కుల మీద తిరుగుబాటుకు బిషప్ గెర్మనోస్ జెండా ఎత్తింది ఇక్కడేనని గ్రీకులు చెప్పుకుంటారు. చరిత్రకారులు దాన్ని కథ కిందే కడతారు, కానీ ఆ జెండాను లోపల చూపిస్తారు. అది నిజానికి గర్భగుడి ద్వారానికి వేసే తెర! రెండోది మెగా స్పీలియో, అంటే పెద్ద గుహ. నిలువు కొండకు ఎనిమిదంతస్తుల మేడను అతికించినట్టు ఉంటుంది. 362లో మొదలైందని ఐతిహ్యం. మైనంతో చేసిన మరియమ్మ రూపం మంటలకు నల్లబడి ఉంటుంది. కలావ్రితకు వెళ్లే బండి దారిలో జాఖ్లోరు స్టేషన్లో దిగి నడిచి ఎక్కేవాళ్లున్నారు. మీవారిని మాత్రం ఆ దారి పట్టించకండి. కలావ్రిత నుంచి టాక్సీ మాట్లాడుకోండి, అప్పుడు కూడా పైన మెట్లు తప్పవు. మధ్యాహ్నం మన గుళ్లలాగే తలుపులు వేసేస్తారు, పొద్దున్నే వెళ్లాలి.

ఇక బండి. నేను ముప్పై ఏళ్లు రైల్వేలో చేసినవాణ్ణి, ఇది చెప్పకుండా ఊరుకోలేను. ఏథెన్సు నుంచి కియాతోలో మారి, సముద్రం పక్కన దియాకోప్తోలో దిగుతారు. అక్కణ్ణుంచి 22 కిలోమీటర్లు వురాయికోస్ లోయలో చిన్న బండి. 1896 నుంచి నడుస్తోంది. పట్టాల మధ్య ఎడం 75 సెంటీమీటర్లే. దాని పేరు ఒదొందోతోస్, అంటే పళ్లున్నది. మన దంతమూ వాళ్ల ఒదొందీ ఒకే మూలం మాటలు. మన నీలగిరి బండి ఎంత నిటారు చోటైనా పన్నెండడుగులకు ఒక అడుగు ఎక్కుతుంది. ఇది కొన్నిచోట్ల ఆరడుగులు కూడా పోకుండానే ఒకటి ఎక్కేస్తుంది. అలాంటి చోటు రాగానే బండి బాగా నెమ్మదిస్తుంది, కింద పంటి చక్రం రెండు పట్టాల మధ్యనున్న పళ్ల పట్టాను పట్టుకున్న కుదుపు అరికాళ్లకు తెలుస్తుంది. మీవారికి ముందే చెప్పండి, కంగారు పడతారు. కొండరాళ్లు పడి బండి ఆగిపోయిన రోజులూ ఉన్నాయి కాబట్టి ముందు రోజు కనుక్కుని టికెట్ తీసుకోండి.

తిండి. మీరు వెళ్లేది వాళ్ల క్రిస్మస్ ఉపవాసం రోజుల్లో, నవంబరు 15 నుంచి నలభై రోజులు. హోటల్లో 'నిస్తీసిమో' అని అడిగితే మాంసం, పాలు, గుడ్డు లేనిది పెడతారు. ఆ మాట నేర్చుకున్న గర్వంతో నేను అడిగితే ఒక హోటల్లో ఆక్టోపస్ తెచ్చిపెట్టారు! నెత్తురు లేని సముద్రజీవులు వాళ్ల ఉపవాసానికి అడ్డం కావట. మా ఆవిడ ఆ పూట రొట్టె, ఆలివ్ కాయలతో సరిపెట్టుకుంది. మీరు పేరు పెట్టే అడగండి: టమాటా రసంలో ఉడికిన పెద్ద చిక్కుడుగింజలు 'గిగాందెస్', ఉడికించి నిమ్మరసం పిండిన ఆకుకూర 'హోర్తా'.

ఒక్క రోజులో వచ్చేయడం మాత్రం వద్దమ్మా. రాత్రి ఉండండి. స్టేషన్ దగ్గరే పాత బడి ఒకటుంది, ఇప్పుడు మ్యూజియం. 1943 డిసెంబరు 13న జర్మన్ సైన్యం ఆడవాళ్లనూ పిల్లలనూ ఆ బడిలో పెట్టి తాళం వేసి, మగవాళ్లను, కాస్త ఎదిగిన మగపిల్లలను కూడా, ఊరి పైనున్న కాపీ గుట్ట మీదికి తోలుకుపోయి కాల్చేసింది. దాదాపు ఐదు వందల మంది. ఊరు తగలబెట్టారు, మర్నాడు అయా లావ్రానూ తగలబెట్టారు. బడిలోంచి ఎలాగో బయటపడ్డ ఆడవాళ్లే శవాలను దుప్పట్లలో ఈడ్చుకెళ్లి, గడ్డకట్టిన నేల తవ్వి పూడ్చుకున్నారు. మీరు వెళ్లేదీ ఆ వారంలోనే. 13న అక్కడుంటే నల్లబట్టల్లో గుట్టకు నడిచే జనంతో పాటు మీరూ వెళ్లొచ్చు, మీవారు కింద చర్చి ముందు బెంచీ మీద కూర్చోవచ్చు. ఆ చర్చికి రెండు గడియారాలు. ఒకటి ఆ కాల్పుల వేళకు, 2:34 దగ్గరే ఆపి ఉంచారు. తిరుగు బండికి టైము రెండోదాంట్లో చూసుకోమనండి.